విహార నౌకలు: వెల, విలువ

అనకాపల్లి నుండి ఒక మాస్టారు మాకు ఉత్తరం వ్రాసినారు. ఉద్యోగం నుండి విశ్రాంతి తీసుకొని చాల ఏండ్లయినదట. తాను, తన భార్య, కుమార్తె, అల్లుడు, ఇద్దరు మనుమలు, మొత్తం ఆరుగురూ కలసి ఒక్కసారి విహార నౌకలో వారం రోజులు తిరిగి రావలెనని వారి కోరిక. అందుకోసం కొన్నేండ్లుగా పింఛను సొమ్ములో నుండి కొంత తీసి వేరుగా ఉంచుతున్నారు. "పది కంపెనీల ప్రకటనలు చూచినాను. ఒకరు తక్కువ ధర అంటారు, ఒకరు పిల్లలకు ఉచితం అంటారు, ఒకరి ధర వినగానే గుండె జారుతున్నది. ఏ ఓడ ఎక్కితే మా డబ్బుకు తగిన విలువ దక్కుతుందో రేడియోలో చెప్పించగలరా?" అని అడిగినారు. ఉత్తరం అడుగున, సంతకం తరువాత, మరొక వాక్యం ఉన్నది. వారి తండ్రిగారు విశాఖపట్నంలో ఓడ ఎక్కి రంగూను పోయినారట. డెక్కు మీద పోయినారట.

మేము ఓడ కంపెనీలకు ఏజెంట్లము కాము. పైగా విహార నౌకల ధర విమానం టిక్కెట్టు వలెనే వారం వారం మారుతుంది. మేము ఈ సాయంత్రం చదివిన అంకె ఈ ప్రసంగం అచ్చయి మీ ఇంటికి చేరేనాటికి నిలవదు. కాని మాస్టారి ప్రశ్నకు ఒక చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర తెలిస్తే ప్రకటనలోని అంకెను ఎలా చదువుకోవాలో తెలుస్తుంది. అంతవరకు మేము చెప్పగలము.

పడవకో ఓడకో ఇచ్చే బాడుగను మన పెద్దలు కేవు అనేవారు. కేవు చెల్లిస్తే అవతలి ఒడ్డున దింపుతారు. ఇచ్చినదెంత, పొందినదేమిటి అన్న లెక్కలో సందేహానికి చోటు లేదు. విహార నౌక సంగతి వేరు. అది ఎక్కిన రేవులోనే తిరిగి దింపుతుంది. ఎక్కడికీ చేర్చని ఓడకు కేవు దేనికి చెల్లిస్తున్నట్లు? ఆకాశం చూచినందుకా, అన్నం తిన్నందుకా, నిద్రపోయినందుకా? ఈ ప్రశ్నకు కంపెనీలు ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క జవాబు చెప్పినవి. జవాబు మారినప్పుడెల్లా ఖర్చులో కొంత భాగం టిక్కెట్టు మీద నుండి కనబడని చోటికి జరిగినది.

విహారం కోసం ఓడ ఎక్కమని ప్రజలను పిలిచిన తొలి కంపెనీలలో పి. అండ్ ఓ. ఒకటి. 1837లో స్పెయిను, పోర్చుగల్ దేశాలకు తపాలా మోసే కాంట్రాక్టు సంపాదించిన కంపెనీ అది. తపాలా కోసం బ్రిటిషు ప్రభుత్వం ఎలాగూ డబ్బు ఇస్తున్నది, ఓడ ఎలాగూ పోతున్నది. ఖాళీగా ఉన్న గదులలో వేడుక చూడదలచినవారిని ఎక్కించుకొంటే లాభమే కదా. 1844లో నవలాకారుడు థాకరేకు ఈ కంపెనీ ఉచితంగా టిక్కెట్టు ఇచ్చి మధ్యధరా సముద్రం చుట్టి రమ్మన్నది. ఆయన పోయి వచ్చి, 1846లో టిట్మార్ష్ అనే కలం పేరుతో గ్రంథం వ్రాసినాడు. ప్రచారం కోసం రచయితను ఊరక త్రిప్పే ఆచారం మన కాలంలో పుట్టినదేమీ కాదు.

టిక్కెట్టు వెల అచ్చువేసి, బేరం బహిరంగంగా పెట్టిన ప్రయాణాలలో ప్రసిద్ధమైనది 1867 నాటి క్వేకర్ సిటీ ఓడది. న్యూయార్కులో బయలుదేరి ఐరోపా తీరాలు, ఈజిప్టు, పాలస్తీనా చూపించి తిరిగి న్యూయార్కు చేర్చడానికి మనిషికి 1,250 డాలర్లు. పదవ వంతు ముందుగా కట్టనిదే చోటు ఖాయం కాదు. ఆనాడు అమెరికాలో మామూలు కూలివానికి రెండేండ్ల సంపాదన కూడ అంత ఉండేది కాదు. మార్క్ ట్వెయిన్ ఈ ఓడలో పోయినాడు. ఆయన కేవు ఒక కాలిఫోర్నియా పత్రిక చెల్లించినది. ఆ ప్రయాణం నుండి పుట్టిన గ్రంథం 1869లో వెలువడి ఆయనకు పేరు తెచ్చినది. జనరల్ షెర్మన్, హెన్రీ వార్డ్ బీచర్ వంటి ప్రముఖులు వస్తారని మొదట చెప్పినారు. చివరకు ఇద్దరూ రాలేదు.

ఈ ఓడ ప్రకటనలో మమ్మల్ని ఆకర్షించినది మరొక అంకె. రేవు దిగి ఊళ్లు చూచే ఖర్చులకు మనిషికి రోజుకు 5 డాలర్లు, అదీ బంగారు నాణెంలో, వేసుకోండి అని అందులో చెప్పినారు. ఓడ వెల కాగితపు డాలర్లలో, ఒడ్డు మీది ఖర్చు బంగారంలో! అంతర్యుద్ధం ముగిసిన కొత్తరోజులు కావడం వల్ల కాగితపు డాలరు విలువ పడిపోయి ఉన్నది. 5 బంగారు డాలర్లు కొనాలంటే సుమారు 7 కాగితపు డాలర్లు పెట్టవలసి వచ్చేది. ఇప్పుడు లెక్క వేయండి. జూన్ 8న బయలుదేరిన ఓడ నవంబరు 19న తిరిగి వచ్చినది, 165 రోజులు. 1,250ని 165తో భాగిస్తే రోజుకు ఏడున్నర డాలర్లు. అంటే ఓడలో ఒక రోజు గదికి, తిండికి, ప్రయాణానికి ఎంతో, ఒడ్డున ఒక రోజుకు దాదాపు అంతే. ఒడ్డున గడిపే రోజుల వరకు టిక్కెట్టు కొన్నవాడు సగం ఖర్చును మాత్రమే చూచినాడన్నమాట. అయినా ఆ కంపెనీవారిని మేము మెచ్చుకొంటాము. రెండవ సగాన్ని కూడ అదే ప్రకటనలో అచ్చువేసినారు.

ఆ తరువాత ఇరవై నాలుగేండ్లకు, 1891 జనవరి 22న, జర్మనీలోని కూక్స్‌హాఫెన్ రేవు నుండి ఆగుస్టా విక్టోరియా అనే ఓడ 241 మంది ప్రయాణికులతో మధ్యధరా సముద్రానికి బయలుదేరినది. దాని సూత్రధారి హాంబర్గ్-అమెరికా కంపెనీలోని ఆల్బర్ట్ బాలిన్. అట్లాంటిక్ మీద శీతకాలంలో ప్రయాణికులు తగ్గిపోతారు. ఓడ రేవులో నిలిచి ఉన్నా బొగ్గు తప్ప మిగిలిన ఖర్చు చాలవరకు ఉండనే ఉంటుంది. పని లేని ఓడను ఎండ కాసే సముద్రానికి పంపితే ఎంత వచ్చినా లాభమే అన్నది ఆయన ఎత్తు. తోటివారు వింతగా చూచినారట. ప్రయాణం సుమారు రెండు నెలలు సాగి విజయవంతమైనది. విహారానికే ప్రత్యేకంగా కట్టిన ఓడను కూడ ఆ కంపెనీయే 1900లో నీటిలోకి దింపినది. అది 1906 డిసెంబరులో జమైకా వద్ద నేలతట్టి పాడైపోయినది. బాలిన్ కనిపెట్టిన సూత్రం మాత్రం ఈనాటికీ మారలేదు. సెలవులు లేని నెలలలో ఓడ టిక్కెట్లు ఎందుకు చవుక అవుతవో, బడులు మూసిన నెలలలో ఎందుకు ప్రియమవుతవో ఆయనే చెప్పి పోయినాడు. బడికి పోయే పిల్లలున్న కుటుంబానికి చవుక నెలలు అక్కరకు రావు. ఇది కుటుంబాల మీద పడే మొదటి భారం.

ఇదే కాలంలో మన తీరంలో నడచిన ఓడలను తలచుకోక తప్పదు. మాస్టారి తండ్రిగారు ఎక్కిన ఓడ ఆ వరుసలోనిదే కదా. 1856లో కలకత్తా, బర్మాల మధ్య తపాలా నడపడానికి ఏర్పడిన కంపెనీ 1862లో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీగా పేరు మార్చుకొన్నది. 1914లో పి. అండ్ ఓ.తో కలిసినది. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవులలో దాని పొగఓడలు ఆగి మనవారిని రంగూనుకు చేర్చేవి. అక్కడి రేవులలో మూటలు మోయడానికి, బియ్యపు మిల్లులలో పనిచేయడానికి ఏటేటా వేలాదిగా పోయేవారు. మన కోరంగి రేవు పేరు మీదనే తెలుగువారిని అక్కడ కోరంగీలనేవారు. వారిలో ఎక్కువమంది పురుషులే. ఇల్లు, పిల్లలు ఊళ్లోనే. వారికి గది లేదు, మంచం లేదు. డెక్కు మీద చాప పరచుకొన్నంత మేర ఎవరి చోటు వారిది. వాన వస్తే ముడుచుకోవలె, ఎండ వస్తే పంచె కప్పుకోవలె. ఆ కేవుకు రంగూను చేరడం తప్ప మరేమీ రాదు. దానిని కూడ చాలమంది మేస్త్రీల వద్ద అప్పు చేసి కట్టి, రంగూనులో నెలల తరబడి కష్టపడి తీర్చినారు.

మద్రాసు నుండి నాగపట్నం మీదుగా పినాంగు, సింగపూరు రేవులకు తిరిగిన రజులా ఓడ ఈ కంపెనీదే. 1926లో కట్టినారు, 1973 వరకు ఆ దారిలో తిరిగినది. అది సుమారు ఎనిమిదిన్నర వేల టన్నుల ఓడ. తొలిరోజులలో ఐదువేలకు పైగా డెక్కు ప్రయాణికులను ఎక్కించుకోవడానికి దానికి అనుమతి ఉండేది. ఈ రెండు అంకెలను శ్రోతలు గుర్తుంచుకోవలెనని మనవి. మళ్లీ వీటి వద్దకు వస్తాము.

ఇదే బ్రిటిష్ ఇండియా కంపెనీ, సామ్రాజ్యం పోయి, సైన్యాన్ని మోసే పని తగ్గిన తరువాత, 1961లో డునెరా అనే సైనికుల ఓడను బడిపిల్లల విహారనౌకగా మార్చినది. పిల్లలకు పెద్ద పెద్ద పడకటిళ్లు, తరగతి గదులు, వెంట ఉపాధ్యాయులు. తరువాత నెవాసా, యుగాండా అనే ఓడలను కూడ ఇదే పనికి పెట్టినారు. 1982లో ఫాక్‌లాండ్స్ యుద్ధం వచ్చినప్పుడు యుగాండాను ఆసుపత్రి ఓడగా మార్చడానికి అందులోని వందలాది పిల్లలను నేపుల్స్ రేవులో దింపివేయవలసి వచ్చినది. పిల్లల కోసం ఓడ నడపడం అన్న ఆలోచన బొమ్మల సినిమాలవారితో మొదలైనదని అనుకొనేవారికి ఈ సంగతి చెప్పదగినది.

అతి చవుక కేవు ఎవరిది అని అడిగితే చరిత్ర చూపించే ఉదాహరణ భయంకరమైనది. 1933 మే నెలలో హిట్లరు ప్రభుత్వం జర్మనీలోని కార్మిక సంఘాలను రద్దుచేసి వాటి ఆస్తిని లాక్కొన్నది. ఆ సొమ్ముతోను, కార్మికుల జీతాల నుండి తీసిన చందాలతోను బలపడిన సంస్థ, 1934 నుండి అదే కార్మికులను చాల తక్కువ ధరకు సముద్ర విహారాలకు పంపినది. విల్హెల్మ్ గుస్ట్‌లోఫ్ అనే ఓడను 1937లో ఇందుకోసమే నీటిలోకి దింపినారు. మొదటి తరగతి, మూడవ తరగతి అనే భేదాలు అందులో లేవు. చూచినవారికి అది సమానత్వం వలెనే కనిపించి ఉంటుంది. తమ సంఘం సొమ్ము, తమ జీతంలోని కోత, తమ నోరు మూసిన వెల: ఇవన్నీ కలిపితే ఆ టిక్కెట్టు చవుక కాదు. 1,400 మందికి పైగా ప్రయాణికుల కోసం కట్టిన ఆ ఓడ 1945 జనవరి 30న వేలాది శరణార్థులతో బాల్టిక్ సముద్రంలో పోతూ ఉండగా సోవియట్ జలాంతర్గామి దానిని ముంచివేసినది. మృతులు తొమ్మిది వేలు దాటి ఉంటారని అంచనాలున్నవి.

ఇక అట్లాంటిక్ అవతలికి పోదాము. 1920లో అమెరికాలో మద్యనిషేధం అమలైనది. ఆ దేశపు జెండా కట్టుకొన్న ఓడలో కూడ సారాయి పోయరాదు. 1922లో రిలయన్స్, రిజల్యూట్ అనే రెండు ఓడలు తమ అమెరికా జెండాను దింపి పనామా జెండా ఎగురవేసినవి. అక్కడి నుండి గ్లాసులు నిండినవి. తాగుడు కోసం మొదలైన ఈ ఏర్పాటు తాగుడు కంటె లాభసాటి అని కంపెనీలకు త్వరలోనే తెలిసినది. పరాయి జెండా కింద పన్నులు తేలిక. ఏ దేశపు మనిషినైనా, ఆ దేశపు కూలికి దగ్గరగా జీతమిచ్చి పెట్టుకోవచ్చు. ఈనాటి పెద్ద విహార నౌకలలో అనేకం బహామా, పనామా, మాల్టా జెండాలతోనే తిరుగుతున్నవి. 2006లో అంగీకరించి 2013 నుండి అమలులోకి వచ్చిన అంతర్జాతీయ నౌకా కార్మిక ఒడంబడిక ప్రకారమే ఓడ పనివానికి వారానికి 72 గంటల వరకు పని ఉండవచ్చు. భోజనం బల్ల వద్ద చిరునవ్వుతో నిలబడిన కుర్రవాడు నెలల తరబడి వారానికి ఒక్క పూర్తి సెలవు దినం కూడ లేకుండ పనిచేస్తున్నవాడై ఉంటాడు. అతనిలో గోవావారు, కేరళవారు, ఈ మధ్య మనవారు కూడ ఉన్నారు. చవుక టిక్కెట్టులో అతని వాటా ఉన్నది.

1958 అక్టోబరులో జెట్ విమానాలు అట్లాంటిక్‌ను గంటలలో దాటడం మొదలుపెట్టినవి. కొద్ది ఏండ్లలోనే ప్రయాణికుల ఓడలకు పని పోయినది. పనిలేని ఓడకు ఏమి చేయాలో బాలిన్ చెప్పనే చెప్పినాడు. 1966లో సన్‌వార్డ్ అనే నార్వే ఓడ, జిబ్రాల్టరు దారిలో గిరాకీ లేక నిలిచిపోగా, టెడ్ ఆరిసన్ అనే వ్యాపారి దానిని మయామీకి రప్పించి డిసెంబరులో బహామా దీవులకు తిప్పడం మొదలుపెట్టినాడు. భాగస్వామితో చెడిన తరువాత 1972లో ఒక పాత అట్లాంటిక్ ఓడను కొని మార్డి గ్రా అని పేరు పెట్టి కార్నివాల్ కంపెనీని స్థాపించినాడు. తొలి ప్రయాణంలోనే ఆ ఓడ మయామీ రేవు వెలుపల ఇసుకలో కూరుకొనిపోయినది. సొగసు చూపించి గెలవలేనని తెలిసిన ఆరిసన్ వేడుకను, చవుకను నమ్ముకొన్నాడు. టిక్కెట్టు వెల తగ్గించు; మనిషి ఓడ ఎక్కిన తరువాత పానశాలలో, జూదశాలలో, దుకాణంలో ఖర్చు పెట్టనీ. అప్పటి నుండి ఈనాటివరకు ఈ వ్యాపారానికి రెండు జేబులు. 2023 లెక్కలలో కార్నివాల్, రాయల్ కరీబియన్ రెండింటి రాబడిలోను సుమారు మూడవ వంతు టిక్కెట్ల నుండి వచ్చినది కాదు, ఓడ మీది ఇతర ఖర్చుల నుండి వచ్చినది.

కుటుంబాలను ప్రత్యేకంగా పిలవడం తరువాతి ఘట్టం. 1985లో ప్రీమియర్ అనే కంపెనీ డిస్నీ బొమ్మల సంస్థతో ఒప్పందం చేసుకొని ఫ్లారిడా నుండి ఎర్ర ఓడలను నడపసాగినది. ఆ పొత్తు 1993లో ముగిసినది. డిస్నీవారు సొంతంగా కట్టించిన డిస్నీ మాజిక్ 1998 జూలై 30న తొలి ప్రయాణం చేసినది. అందులో జూదశాల పెట్టలేదు. ఆరిసన్ సూత్రంలో లాభసాటి అయిన రెండవ జేబును వారు చాలవరకు కుట్టివేసినారు. ఆ నష్టాన్ని టిక్కెట్టు మీదనే రాబట్టుకొంటున్నారు. అదే సముద్రంలో అదే వారానికి డిస్నీ టిక్కెట్టు కార్నివాల్ టిక్కెట్టుకు తరచు ఒకటిన్నర రెట్లు, ఒక్కొక్కప్పుడు రెండు రెట్లు ఉండడానికి ఇది ఒక కారణం. పిల్లలు అడిగే శీతల పానీయాలు భోజనంలోనే కలసి ఉంటవి. చవుక ఓడలలో వాటికి వేరే చెల్లించాలి. రాయల్ కరీబియన్ మరొక దారి పట్టినది. 1999లో వాయేజర్ ఆఫ్ ది సీస్ అనే ఓడలో మంచు మీద జారే మైదానం, ఎక్కే గోడ పెట్టినారు. 2009లో ఒయాసిస్, 2024 జనవరిలో ఐకాన్ అనే మహానౌకలను దింపినారు. ఓడ రేవుకు పోవడం తగ్గి, ఓడయే ఊరైపోయినది.

ఇప్పుడు రజులా అంకెల వద్దకు రావలె. ఓడల వ్యాపారంలో టన్ను అంటే బరువు కాదు. ఓడలో గోడల మధ్య ఉన్న చోటును కొలిచే కొలత. పాత లెక్కలో నూరు ఘనపుటడుగులకు ఒక టన్ను. కొలిచే సూత్రం 1982 నుండి మారినది గనుక పాత ఓడను కొత్త ఓడతో అచ్చంగా సరిపోల్చరాదు. అయినా చూడండి. రజులాలో టన్నులను మనుషులకు పంచితే తలకు రెండు టన్నుల చోటు కూడ రాదు. 2,25,000 టన్నుల ఒయాసిస్‌లో 5,400 మందికి పంచితే తలకు దాదాపు 42. సుమారు 84,000 టన్నుల డిస్నీ మాజిక్‌లో 1,750 మందికి 48. ఐకాన్‌లో 44. ఓడలను పోల్చే పుస్తకాలు ఈ అంకెనే చూపి, ఏ ఓడలో ఇరుకు తక్కువో చెబుతవి.

అయితే ఇందులో ఒక కిటుకు ఉన్నది. ఈ లెక్కలన్నీ గదికి ఇద్దరే అనుకొని వేసినవి. గదిలో మూడవవాడు, నాలుగవవాడు పడుకొంటే వారు ఈ లెక్కలోకి రారు. కుటుంబాల ఓడలలో వారే కదా ఎక్కువ! బడులకు సెలవులిచ్చిన వారంలో ఐకాన్‌లో 7,600 మంది వరకు పట్టవచ్చు. అప్పుడు తలకు 44 కాదు, 33. మాజిక్‌లో సుమారు 2,700 మంది నిండితే 48 కాదు, 31. సెలవు రోజులలో ప్రియమైన ఓడకు, పెద్ద ఓడకు చోటు విషయంలో చెప్పుకోదగిన భేదం మిగలదు. ఎక్కువ డబ్బు పెట్టినవారు కొంటున్నది చోటును కాదు. బొమ్మలను, వడ్డించేవారి ఓపికను, జూదశాల లేకపోవడాన్ని. అవి విలువైనవి కావని మేము అనము. అవి తమ మనుమలకు ఎంత అవసరమో మాస్టారికే తెలియాలి.

ఆరుగురి లెక్క మరీ జాగ్రత్తగా వేయాలి. గదిలో మొదటి ఇద్దరు పూర్తి వెల చెల్లిస్తారు. మూడవ, నాలుగవ పడకలకు తక్కువ. కొన్ని కంపెనీలు ఆ పడకలలోని పిల్లలకు కేవు లేదంటవి. రేవు రుసుములు, పన్నులు మాత్రం వారికీ తప్పవు. కుమార్తె కుటుంబం నలుగురూ ఒక గదిలో సర్దుకొంటే వారికి లాభం. మాస్టారు, వారి భార్య మరొక గది తీసుకొన్నప్పుడు ఇద్దరూ పూర్తి వెల ఇవ్వవలసినవారే. అందుచేత ప్రకటనలో "మనిషికి ఇంత నుండి" అని ఉన్న అంకెను ఆరుతో గుణించడం కాని, పిల్లలకు ఉచితమని మురిసి తీసివేయడం కాని పనికిరాదు. రెండు గదుల మొత్తం వ్రాసుకోవలె. దానికి బహుమానపు రుసుము కలపాలి. 2024లో అమెరికా కంపెనీల మామూలు గదులలో ఇది మనిషికి రోజుకు 14 నుండి 20 డాలర్ల మధ్య ఉన్నది. పసివారికి మాత్రం కొందరు మినహాయిస్తారు. 16 అనుకొని ఆరుగురికి ఏడు రాత్రులు లెక్కవేస్తే 672 డాలర్లు అయినది. ఇది పేరుకు బహుమానం. నిజానికి పనివారి జీతంలో ఒక భాగాన్ని మన చేత ఇప్పించడమే. ఆపైన రేవులలో దిగి చూచే ఖర్చు, క్వేకర్ సిటీవారు బంగారంలో తెమ్మన్నది. ఈ మొత్తాన్ని రాత్రుల సంఖ్యతో భాగిస్తే వచ్చినదే అసలు కేవు. అలా చూచినప్పుడు చవుక ఓడ, ప్రియమైన ఓడ ప్రకటనలలో కనబడినంత దూరంలో ఉండవు. ఒక్కొక్కప్పుడు తారుమారు కూడ కావచ్చు.

విశాఖపట్నానికి విహార నౌక వచ్చిన కథ కూడ ఈ చరిత్రలోనిదే. 1990లో నార్డిక్ ఎంప్రెస్ అనే పేరుతో, మూడు నాలుగు రాత్రుల పొట్టి విహారాలకని కట్టి మయామీలో తిప్పిన ఓడ అది. కరోనా వచ్చి ప్రపంచంలోని విహార నౌకలన్నీ నిలిచిపోగా 2020 డిసెంబరులో దానిని అమ్మివేసినారు. 2021లో కార్డీలియా కంపెనీ పేరుతో బొంబాయి నుండి తిరగనారంభించి, 2022 జూన్ 8న ఎంప్రెస్ విశాఖ రేవు నుండి బయలుదేరినది. మధ్యలో చూడవలసిన పుదుచ్చేరి రేవులో దిగడానికి అక్కడి ప్రభుత్వం, ఓడలో జూదశాల ఉన్నదన్న కారణంగా, అనుమతి ఇవ్వలేదు. ఆరిసన్ రెండవ జేబు బంగాళాఖాతంలో ఇలా అడ్డుపడినది. 2023 సెప్టెంబరులో విశాఖలో విహార నౌకల కోసం ప్రత్యేకమైన రేవుకట్టడం ప్రారంభించినారు. 48,500 టన్నులు, గదికి ఇద్దరు చొప్పున 1,600 మంది, తలకు 30. మాస్టారు ఈ ఓడనే ఎంచుకొంటే విమానపు ఖర్చు, వీసా ఖర్చు ఉండవు. ఆరుగురికి అది చిన్న మొత్తం కాదు. వేల మైళ్ల దూరాన ఉన్న ఓడల ధరతో పోల్చేటప్పుడు దీనిని ముందుగా కాగితం మీద వేసుకోవలె.

ఇంతవరకు చెప్పినదంతా మేము మాస్టారికి ముందే ఉత్తరంగా వ్రాసి పంపినాము. వారి జవాబు వచ్చినది. లెక్కలన్నీ తిరగవేసి, ఏ ఓడ అన్నది ఇంకా తేల్చుకోలేదని, దసరా సెలవులు అనుకొంటున్నామని వ్రాసినారు. తండ్రిగారు 1942లో రంగూను నుండి తిరిగి వచ్చినది ఓడలో కాదట. రేవులో చోటు దొరకక, మరికొందరితో కలసి అడవి దారిన నడచి వచ్చినారట. పోయేటప్పుడు డెక్కు మీదికి తీసుకొనిపోయిన మరచెంబు ఒక్కటే వెంట తిరిగి వచ్చినదట. అది ఇంట్లో ఇప్పటికీ ఉన్నది. దానిని విహార నౌకలోనికి రానిస్తారా, దానికేమైనా రుసుము ఉంటుందా అని అడిగినారు.

ఖాళీ చెంబుకు రుసుము లేదని, భోజనశాలలో మంచినీరు ఊరకే ఇస్తారని, సీసా నీరు అడిగితేనే డబ్బు తీసుకొంటారని మేము జవాబు వ్రాసినాము.